చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగం పలక మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు. ఇలా రెట్టిస్తూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలవుతాయి. పావులూరి మల్లనదిగా చెప్పుకునే ఒక చంపకమాల ఈ ఇరవై అంకెలనూ పొల్లుపోకుండా ఇముడ్చుకుంది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. ఈ పద్యం విని ఆశ్చర్యపోయి ఊరుకునేవాళ్లే ఎక్కువ. విప్పి చూస్తే గానీ అందులో ఎంత పనితనం ఉందో తెలియదు.

పద్యంలో దాదాపు అంతటా అంకెలకు బదులు వస్తువుల పేర్లే ఉంటాయి. వీటిని భూతసంఖ్యలంటారు. శరం అంటే 5, మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి. అగ్ని 3, వేదం 4, గిరి 7, గగనం 0, కుంజరం 8. అంకెలు కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. అంటే పద్యం మొదట వచ్చే శరమే ఒకట్ల స్థానం. సంఖ్య అయిదుతో భాగింపబడుతుందని ఆ తొలి మాటతోనే తేలిపోతుంది!

న, జ, భ, జ, జ, జ, ర గణాలు తప్పకూడదు, పదకొండో అక్షరం దగ్గర యతి కుదరాలి, ప్రాస నిలవాలి. అంకెలు మాత్రం కవి చేతిలో లేవు. పర్యాయపదాలే ఆయనకు దారి. నాలుగు కావలసినచోట ఒకసారి అబ్ధి, ఒకసారి వేదం, మరోసారి పయోనిధి, ఇంకోసారి పద్మజాస్యం, అంటే బ్రహ్మ ముఖాలు. ఏ మాట జారినా గణం విరిగి వ్రాయసకాడి పొరపాటు బయటపడుతుంది.

అయితే ఛందస్సు అన్ని తప్పులనూ పట్టలేదు. అగ్ని ఉన్నచోట పొరపాటున అబ్ధి రాస్తే గురులఘువులు మారవు. పద్యం నడుస్తుంది, 3 మాత్రం 4 అయిపోతుంది. అక్కడ లెక్క ఆదుకుంటుంది. అసలు సంఖ్యలో అంకెల మొత్తం 87, మూడుతో పోతుంది. తప్పు పాఠంలో 88, పోదు.

ఇంత సంఖ్యను రాబట్టడానికి అరవై నాలుగుసార్లు రెట్టించనక్కర్లేదు. 2 వర్గం 4, దాని వర్గం 16, ఆపైన 256, 65536, 4294967296. ఆరోసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే చాలు. వృత్తాలెన్నో లెక్కించడానికి పింగళుడు ఛందశ్శాస్త్రంలో చెప్పిన పద్ధతి ఇదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది దీని తర్వాతి సంగతి. 2తో మొదలుపెట్టి ఆ మెట్లన్నిటికీ ఒక్కొక్కటి కలిపితే 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి. ఈ ఆరింటి లబ్ధమే మన సంఖ్య. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ అంతేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపాడు. భాగఫలం 6700417, అదీ ప్రధాన సంఖ్యే. చంపకమాలలోని సంఖ్యకు ఇక అంతకు మించి ముక్కలు లేవు.