సింగపూర్‌కి నేలపట్టు లెక్క

నెల్లూరులో గానీ తిరుపతిలో గానీ టూర్ ఏజెంట్ల అద్దాల మీద అంటించిన కాగితాలు చూస్తే అన్నీ ఒక్క అచ్చులోంచి వచ్చినట్టే ఉంటాయి. సింగపూర్ సింహం నోట్లోంచి నీళ్లు, పక్కన కౌలాలంపూర్ జంట గోపురాలు, ఆ పక్కన బ్యాంకాక్ బుద్ధుడు. కింద పెద్దక్షరాలతో ఆరు రాత్రులు, ఏడు పగళ్లు, మూడు దేశాలు. చెన్నై విమానాశ్రయం వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉండటంతో దొరవారిసత్రం చుట్టుపక్కల వాళ్లకు విదేశమంటే ముందు ఈ తూర్పు దిక్కే మెదులుతుంది. విమానం ఎక్కాక సింగపూర్ నాలుగు గంటల దారి. సంక్రాంతి సెలవులకో, ఇంట్లో పెళ్లి బాధ్యత తీరాకో జనం ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఎన్ని చోట్లు వస్తున్నాయి, తలకు ఎంత పడుతుంది అని లెక్క వేసుకుంటారు. లెక్క వేసుకోవడం మంచిదే. కానీ అది మొదలయ్యే కొసే తప్పు. వారం రోజుల కోసం పరాయి నగరానికి వెళ్లేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఏ వేళకు ఎక్కడ ఉండాలన్నది. ఏమేం చూడాలన్నది దాని వెనకాల తనంతట తనే తేలుతుంది.

ఈ మాటకు రుజువు కోసం సింగపూర్ దాకా పోనక్కర్లేదు. మన దొరవారిసత్రం మండలంలోనే నేలపట్టు ఉంది. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ చెరువులో, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు గూళ్లు పెడతాయి. పిల్లల మేత కోసం పులికాట్ దాకా ఎగిరిపోయి, గొంతు సంచి నిండా చేపలతో తిరిగొస్తాయి. 2025 జనవరి 18 నుంచి 20 వరకు సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరిగినప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. నేలపట్టు, అటకానితిప్ప, బీవీపాళెం పడవ షికారు అన్నీ ఒక్క పూటలో చుట్టేసేవాళ్లు ఏ పండుగకైనా ఉంటారు. వాళ్లలో మిట్టమధ్యాహ్నం నేలపట్టు గట్టు ఎక్కినవాళ్లకు దక్కేది చెట్ల మీద కదలని తెల్లటి ముద్దలు, కళ్లలో పడే ఎండ. ఫ్లెమింగోలేవీ అని అడిగేవాళ్లూ ఉంటారు, అవి ఉండేది పులికాట్ నీళ్లలోనని తెలియక. అదే గట్టు మీద పొద్దు పొడిచే వేళకో పొద్దు వాలే వేళకో నిలబడితే వేరే లోకం. పెద్ద రెక్కలు గాలిని కోస్తున్న చప్పుడు, గూటి మీద వాలగానే తల్లి నోట్లోకి తల దూర్చే పిల్లలు, ఒక కొమ్మ కోసం రెండు పక్షుల కొట్లాట. ఎక్కే గట్టు అదే, చూసే చెరువు అదే. వచ్చిన గంట వేరు, అంతే.

ఇప్పుడు వారాన్ని గంటల్లోకి మారుద్దాం. ఏడు రోజులంటే 168 గంటలు. నిద్రకు 56 తీసేస్తే 112. ఇంటి గడప దాటినప్పటి నుంచి సింగపూర్ బసలో సంచి దింపేదాకా పది గంటలు పడుతుందనుకోవాలి. చెన్నై ఊరి ట్రాఫిక్ దాటాలి, విమానానికి మూడు గంటల ముందే చేరాలి, దిగాక ఇమిగ్రేషన్ వరస ఉండనే ఉంది. పైగా అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రానూపోనూ ఇరవై పోతే 92. స్నానం, తయారవడం, తిండి, పిల్లల గోల, కాళ్ల నొప్పులు వీటికి రోజుకు మూడు గంటలన్నా ఇవ్వాలి. చివరికి చేతిలో మిగిలేది దాదాపు 70 గంటలు. ఈ 70లో మలేసియాను కలిపితే బస ఖాళీ చేయడం, బస్సెక్కడం, సరిహద్దు దగ్గర రెండుసార్లు దిగి ఎక్కడం, కౌలాలంపూర్‌లో మళ్లీ గది తీసుకోవడం, వీటన్నిటికీ ఒక పగలు చెల్లు. మూడో దేశానికి ఇంకో పగలు. మూడు దేశాల వారంలో అసలు చూపుకు మిగిలేది మూడున్నర రోజులకు మించదు. అది కూడా ముక్కలు ముక్కలుగా, బస్సు ఆగిన చోట, గైడు ఇచ్చిన నలభై నిమిషాల్లో. అన్నేసి డబ్బులు పోసి మనం కొంటున్నది ఆ నలభై నిమిషాలనే అన్న సంగతి ఏ కాగితమూ చెప్పదు.

సింగపూర్‌కు కూడా దాని వేళలు దానికున్నాయి. సెరంగూన్ రోడ్డు మొదట్లో ఉండే టెక్కా సెంటర్‌లో కూరగాయలు, చేపల బజారు చూడాలంటే తెల్లారాక కాస్తంత సేపట్లోనే వెళ్లాలి. మధ్యాహ్నానికి చాలా కొట్లు సర్దేస్తాయి, నేల కడిగిన తడి మాత్రం మిగులుతుంది. అదే రోడ్డు మీద 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి మన గుళ్లలాగే మధ్యాహ్నం తలుపులు వేస్తుంది. ప్యాకేజీ బస్సు పన్నెండున్నరకు అక్కడ దింపితే గోపురానికి ఫోటో తీసుకుని రావడమే. ఆ పేటలోనే ఉన్న ఇండియన్ హెరిటేజ్ సెంటర్‌కు సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం ఈ వీధుల సంగతే వేరు. వారమంతా కట్టడాల మీదా ఓడల రేవుల్లోనూ పనిచేసే కూలీలకు అది సెలవు పూట. తమిళం, బెంగాలీ వినిపిస్తాయి. చెవి నిలబెడితే నిజామాబాద్, కరీంనగర్ యాస తెలుగూ వినిపిస్తుంది. ఆకాశాన్ని అంటే ఆ మేడలు ఎవరి చేతులతో లేచాయో తెలుసుకోవడానికి వారంలో ఇంతకంటే మంచి పూట లేదు. మన ఏజెంట్ల కాగితంలో ఆదివారం సాయంత్రం సాధారణంగా సెంటోసా ద్వీపానికి కేటాయించి ఉంటుంది. పక్షులున్న ఊరివాళ్లం కాబట్టి సుంగై బూలో పేరు కూడా చెప్పాలి. నగరం వాయవ్య కొసన మడ చెట్ల మధ్య చిత్తడి నేల, ప్రవేశం ఉచితం. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉత్తరాది నుంచి వలస పక్షులు దిగుతాయి. అయితే క్యాలెండరు చూసుకుంటే సరిపోదు, సముద్రపు పోటు కూడా చూసుకోవాలి. పోటు ఎక్కి బయటి బురద నేల మునిగినప్పుడే ఉల్లంకులు గుంపులుగా లోపలి మడుగుల్లోకి వస్తాయి. పాటు వేళ వెళితే దూరంగా చుక్కలు కనిపిస్తాయి. పోటు వేళ రోజుకు ముప్పావు గంట పైగా జరుగుతూ ఉంటుంది. పులికాట్ ఒడ్డున వల వేసేవాడికి ఇది చెప్పాల్సిన పని లేదు, కానీ పర్యాటకుడు పట్టికలో చూసుకోవాలి. రాత్రి సంగతి చూస్తే, లావ్ పా సాట్ అంగడి పక్కనున్న బూన్ టాట్ వీధిని సాయంత్రం ఏడుకు వాహనాలకు మూసేసి, బొగ్గు పొయ్యిల మీద మాంసం పుల్లలు కాలుస్తారు. గార్డెన్స్ బై ది బేలో ఇనుప చెట్ల దీపాల ఆట 7.45కు ఒకసారి, 8.45కు ఒకసారి, డబ్బు లేకుండానే. ఇక మధ్యాహ్నాలు: ఎండా ఉక్కా మన చెన్నైని తలపిస్తాయి, ఉన్నట్టుండి ఉరుములతో వాన దిగుతుంది. పాత సుప్రీంకోర్టు భవనంలో 2015లో తెరిచిన నేషనల్ గ్యాలరీ లాంటి చల్లటి చోటు గానీ, బసలో కునుకు గానీ ఆ గంటలకు తగిన పని.

గంటల కంటే ముందు నెల తేల్చుకోవాలి. మన కోస్తాను అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిపే ఈశాన్య రుతుపవనమే ఇంకా దక్షిణానికి జరిగి డిసెంబరులోనూ జనవరి మొదట్లోనూ సింగపూర్ మీద కురుస్తుంది. ఇక్కడ చెరువులు నిండి ఆకాశం తేటపడింది కదా అని సంక్రాంతి సెలవులకు టికెట్ తీసుకునేవాళ్లు మనం దాటించిన వానకే ఎదురెళుతున్నారు. ఫిబ్రవరిలో వానలు తగ్గుతాయి. అయితే చైనా కొత్త సంవత్సరం జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు ఎప్పుడైనా పడుతుంది, ఆ రెండు మూడు రోజులు చైనా వాళ్ల కొట్లు చాలావరకు మూసి ఉంటాయి. పిల్లల బడి సెలవులు మార్చలేం, నిజమే. అలాంటప్పుడు తడిసే నెల అని తెలిసి గొడుగులు సర్దుకుని, చూరు కింద చూసే చోట్లను ముందుకు తెచ్చుకోవడం వేరు, మెర్లయన్ సింహం ముందు జడివానలో నిలబడి ఏజెంటును తిట్టుకోవడం వేరు.

దీనికి బలమైన ఆక్షేపణ డబ్బు వైపు నుంచి వస్తుంది. జీవితంలో ఒక్కసారి వెళ్లేవాళ్లం, టికెట్‌కు ఎలాగూ ఖర్చు పెట్టాం, ఆ ఖర్చులోనే మూడు దేశాలూ వస్తుంటే ఒక్క ఊరు పట్టుకుని కూర్చోవడం ఏమిటని అడుగుతారు. మధ్యతరగతి కుటుంబం వేసే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఖర్చును దేశాలతో భాగిస్తే చవకగా కనిపించేది, పైన వేసిన చూపు గంటలతో భాగిస్తే ప్రియంగా తేలుతుంది. ఒక దేశం మారినప్పుడల్లా బస్సుకో విమానానికో, కొత్త బసకో, ఒక పూట బయటి భోజనానికో డబ్బు పోతుంది, అదే సమయంలో చూసే గంటలూ పోతాయి. రెండు చేతులా నష్టమే. ఒక్కసారే వెళ్తాం అన్నది నిజమైతే అది నా వాదనకే బలం. తిరిగి వెళ్లే వీలున్నవాడు పైపైన చూసి రావచ్చు, లేనివాడు చూసిందేదో నిండుగా చూసుకోవాలి. పాస్‌పోర్టు మీద ముద్రలు ఎక్కువ పడతాయంటారా, దానికి నా దగ్గర జవాబు లేదు. ముద్రల కోసం వెళ్లేవాళ్ల కోసం ఈ వ్యాసం కాదు.

పెద్దవాళ్లనూ పిల్లలనూ తీసుకెళ్లేవాళ్ల ఆక్షేపణ వేరు. భాష రాదు, తిండి పడదు, దారి తెలియదు, అందుకే బస్సూ గైడూ ఉన్న ప్యాకేజీయే క్షేమం అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. భారతీయ పాస్‌పోర్టుకు సింగపూర్ వీసా కావాలి, దరఖాస్తు అధీకృత ఏజెంట్ల ద్వారా పోతుంది. టికెట్, వీసా, బస వాళ్లకు అప్పగించడంలో తప్పేమీ లేదు. రోజును మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల మెట్రో స్టేషన్‌కు నడిచేంత దూరంలో గది తీసుకుంటే, 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ లాంటి చోట్ల ఇడ్లీ, సాంబారు ఆ వీధిలోనే దొరుకుతాయి. తెలుగు రాకపోయినా తమిళం చాలామందికి తెలిసిన పేట అది, మన సరిహద్దు మండలాల వాళ్లకు అది పెద్ద ఆసరా. మధ్యాహ్నం మామ్మగారిని గదికి తీసుకొచ్చి పడుకోబెట్టి సాయంత్రం మళ్లీ బయల్దేరవచ్చు. ప్యాకేజీ బస్సులో ఆ వీలుండదు. అలసినా బస్సు ఎప్పుడు తిరిగితే అప్పుడే. ముసలివాళ్లకు ప్యాకేజీ సుఖమన్న నమ్మకం అసలు ఎలా పుట్టిందో నాకు ఆశ్చర్యమే.

మూడో ఆక్షేపణ కుర్రకారుది: ఇంత లెక్క ఎందుకు, ఫోనుంది, కార్డుంది, దిగి తిరిగేద్దాం అని. వాళ్లకు ఒక పాతకాలపు యాత్రికుడి సంగతి చెప్పాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ, గయ చూసుకుని, నెల్లూరు మీదుగా మన కోస్తా దారినే 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైగా తీరిక ఉన్న మనిషి. అయినా మజిలీ మజిలీకీ దూరమెంత, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, బసకు చోటుందా అని రాసుకుంటూ పోయాడు. వారమే చేతిలో ఉన్నవాడికి ఆ జాగ్రత్త ఇంకెంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. లెక్క వేయడమంటే గంటగంటకూ మేకులు కొట్టేయడం కూడా కాదు. 2019 జులై 15 తెల్లవారుజామున 2.51కి శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 లేవాల్సి ఉండగా, 56 నిమిషాల ముందు ఆపేశారు. చివరికి అది ఎగిరింది జులై 22 మధ్యాహ్నం 2.43కి. ఆ ఒక్క రాత్రి చూసుకుని తిరుగు టికెట్ తీసుకున్నవాళ్లు ఖాళీ ఆకాశం చూసి పోయారు, వారం సడలింపు ఉన్నవాళ్లకు మాత్రం మళ్లీ అవకాశం దొరికింది. సింగపూర్‌లోనూ వాన పడుతుంది, హాకర్ సెంటర్లనే తిండి అంగళ్లను కడగడానికి అప్పుడప్పుడూ మూసేస్తారు, బిడ్డకు జ్వరం వస్తుంది. అందుకే వేళ తప్పితే దొరకనివి రోజుకు రెండే పెట్టుకోవాలి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మిగతాది ఖాళీగా ఉంచాలి. ఆరో రోజును పూర్తిగా వదిలేయాలి, తప్పినవాటిని మళ్లీ పట్టుకోవడానికి.

పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుందో లేదో ముందే చూసుకోండి. సింగపూర్ అరైవల్ కార్డు దిగడానికి మూడు రోజుల లోపు ఇంటర్నెట్‌లో నింపాలి, అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా అధికారికం కాదు. ఏజెంటు కాగితం చేతిలో పెట్టినప్పుడు ఎన్ని చోట్లని అడగకండి. ప్రతి చోటా ఏ గంటకు దింపుతారు, ఏ గంటకు ఎక్కించుకుంటారు అని రాసిమ్మనండి. రాసివ్వలేకపోతే బయానా కట్టకండి.