ఆగి అడిగితేనే

మామిడితోటల మధ్య బండిబాటలో ఒకాయన గేర్ల సైకిలు తలకిందులుగా నిలబెట్టి, పక్కనే గొంతుక్కూర్చుని ఉంటాడు. వెనకనుంచి వస్తున్న మనం వేగం తగ్గించకుండానే "ఏం అన్నా, ఓకేనా?" అని కేకేస్తాం. "పర్లేదు, మీరు వెళ్లండి" అంటాడాయన. పంపు లేకపోయినా, ఉన్న ఒక్క ట్యూబూ చిరిగినా, మోచెయ్యి గీరుకుని రక్తం కారుతున్నా అదే మాట. దాటిపోతున్న మనిషిని వెనక్కి పిలవడానికి మనవాళ్లకి మొహమాటం. అదే కాలు కిందపెట్టి, సైకిలు దిగి, "ఏమైందండీ? ట్యూబుందా మీ దగ్గర?" అని అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది.

కొండబాటల్లో సైకిలు తొక్కేవాళ్లు దిగుడులో బ్రేకు ఎప్పుడు పట్టాలో, రాళ్ల మీద ఒంటి బరువు ఎటు వేయాలో శ్రద్ధగా నేర్చుకుంటారు. ఆగడం కూడా అంత శ్రద్ధగా నేర్చుకోవలసిన పనేనని నా నమ్మకం.

మా తిరువూరులో దాని అవసరం మరీ ఎక్కువ. విజయవాడ వైపునుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మా మీదుగానే పోతుంది. లారీల తాకిడి తప్పించుకోవాలంటే తోటల్లోకి తిరగాల్సిందే. బంగినపల్లి, కలెక్టరు చెట్ల మధ్య మట్టిబాటలు, సాగర్ ఎడమ కాలువ కట్టలు, హద్దు దాటితే ఖమ్మం జిల్లా పొలాలు. తొక్కడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కానీ కంచెగా వేసిన ముళ్లకంప ఎండి బాట మీదికి రాలుతుంది. సర్కారు తుమ్మ ముల్లు ఎంత మందపాటి టైరునైనా గుచ్చేస్తుంది. వానాకాలంలో నల్లరేగడి పట్టిందంటే టైరుకీ ఫోర్కుకీ మధ్య బిగుసుకుపోయి చక్రం తిరగనే తిరగదు. పంచరు షాపేమో ఊరి సెంటర్లో ఉంటుంది. మే నెల ఎండలో అంతదూరం సైకిలు తోసుకుంటూ వస్తే పంచరు సంగతి అటుంచి మనిషే పడిపోతాడు. అందుకే ఆగినవాడు ముందు చూడాల్సింది చక్రం కాదు, ఆ మనిషి మొహం. నీళ్లున్నాయో లేదో కనుక్కోవాలి.

ఆగినంత మాత్రాన సరిపోదు, చేతిలో తగిన వస్తువుండాలి. మామూలు సైకిలు ట్యూబుకి చిన్న రబ్బరు గొట్టం తొడిగే పాతరకం వాల్వు ఉంటుంది. గేర్ల సైకిళ్లలో చాలావాటికి మోటారుసైకిలుకుండే ష్రేడర్ వాల్వు, ఖరీదైనవాటికి సన్నటి ప్రెస్టా వాల్వు. పంపు ఉండి కూడా అవతలివాళ్ల చక్రంలో గాలి కొట్టలేకపోవడం ఇక్కడే జరుగుతుంది. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు సంచిలో ఉంటే ఆ చిక్కు తీరిపోతుంది. టైరు పక్కగోడ తెగితే లోపల మడిచిన పదిరూపాయల నోటో, మందపాటి ప్లాస్టిక్ ముక్కో పెట్టి ట్యూబు ఉబ్బి బయటికి రాకుండా ఆపొచ్చు. చైను తెగితే పాడైన లింకులు తీసేసి కలపొచ్చు. అయితే పొట్టిదైపోయిన ఆ చైనును ముందూ వెనకా పెద్ద పళ్లచక్రాల మీద ఒకేసారి వేయొద్దని చెప్పి మరీ పంపాలి. గేర్లు మార్చే డీరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ వంగి ఉంటే వెనక పెద్ద పళ్లచక్రం జోలికే వెళ్లొద్దనాలి. వెళితే డీరైలర్ పుల్లల్లో ఇరుక్కుని చక్రమే పాడవుతుంది. బాగుచేయడంతో పని అయిపోదు, ఇల్లు చేరేదాకా ఎలా తొక్కాలో చెప్పడం కూడా అందులో భాగమే.

సాయాన్ని నేరంగా చూసిన రోజులూ సైకిలు చరిత్రలో ఉన్నాయి. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో యూజెన్ క్రిస్టోఫ్ అనే ఫ్రెంచి రైడరు టూర్మలే కొండ దిగుతుండగా ఫోర్కు విరిగింది. పరాయి సాయం తీసుకోకూడదన్నది పోటీ నియమం. సైకిలు మోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడిచి, సెంట్ మరీ ద కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి వెతుక్కుని, ఫోర్కును తన చేతులతోనే అతికించుకున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూశారు. రెండు చేతులూ పనిలో ఉండటంతో కొలిమి తిత్తి ఒక కుర్రాడు ఊదాడు. అంతమాత్రానికే ఆయనకు అదనపు నిమిషాలు శిక్షగా వేశారు. ఆ మరమ్మతు ఆలస్యంతో గెలిచే అవకాశం ఎలాగూ పోయింది, ఏడో స్థానంలో ముగించాడు. ఆ రోజు ఆ కొలిమి దగ్గర అందరికన్నా సరైన పని చేసింది ఆ కుర్రాడేనని నేనంటాను.

ఈనాటి బ్రెవేలు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు యాత్రలు చూడండి. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. వెంట బండి పెట్టుకుని సాయం తీసుకోకూడదు. అయినా దారిలో రైడర్లు ఒకరికొకరు సాయపడటాన్ని ఎవరూ తప్పు పట్టరు. గడియారం నడుస్తున్నచోటే ఆగగలిగినప్పుడు ఆదివారం షికారులో ఆగలేమా?

తోటి గేర్ల సైకిలువాళ్ల కోసమే ఆగుతామంటే మాత్రం నేనొప్పుకోను. మామిడికోతల రోజుల్లో పాత సైకిలు మీద తోటకి పోయే కూలీకి పంచరై ఆలస్యమైతే ఆ పూట కూలి పోతుంది. మనకి పోయేది ఫోన్లో కనిపించే సగటు వేగం. అసలు ఈ బాటల మీద మనల్ని చూసి ట్రాక్టరు ఆపి "ట్రక్కులో వేయండి బాబూ, సెంటర్లో దింపుతా" అనేది రైతులే. వాళ్ల బాటల్లో తిరుగుతూ వాళ్ల పిల్లల సైకిలు చైను ఎక్కించకుండా ఎలా పోతాం?

ఒంటరిగా ఉన్న అమ్మాయి కనిపిస్తే కాస్త దూరంలోనే ఆగి అడగండి. వద్దంటే బలవంతపెట్టకండి. ఎవరైనా సరే తమ పని తాము చేసుకుంటుంటే చేతిలోంచి స్పానరు లాక్కోకండి.

పడి దెబ్బ తగిలినవాళ్ల విషయంలో ఆత్రం పనికిరాదు. తలకో మెడకో దెబ్బ తగిలిందనిపిస్తే లేపి కూర్చోబెట్టొద్దు, హెల్మెట్ లాగొద్దు, స్పృహ సరిగా లేనప్పుడు నీళ్లు తాగించొద్దు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఇప్పుడు పల్లెపల్లెకీ తెలుసు. కానీ తోటకి డోరు నంబరుండదు. ఫోను చేశాక ఒకరు తారురోడ్డు మీదికి వెళ్లి నిలబడాలి. వాహనం గుద్దిన మనిషిని ఆదుకుంటే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం కూడా అక్కర్లేదు. మంచి మనసుతో సాయపడినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది.

మన జిల్లాల్లో సైకిలు బృందాలు నడిపేవారికి నాదొక విన్నపం. కొత్తగా చేరినవాళ్లకి గేర్లు మార్చడం నేర్పే రోజే ఎదుటివాళ్ల పంచరు వేయడం కూడా నేర్పండి. బృందం వెంట చివర వచ్చే రైడరు దగ్గర పూర్తి పనిముట్లు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండేలా చూడండి. ఆ చివరి చోటు నెమ్మదిగా తొక్కేవాళ్లకి వదిలేయకండి, అందరికన్నా బాగా తొక్కగలిగినవాళ్లకే ఇవ్వండి.