వదిలి వెళ్లలేనివాడి జీతం

పైలట్ల జీతాలు ఒకప్పటిలా లేవంటే మా హిందూపురం వైపు నమ్మేవాళ్లు తక్కువ. 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచిన తర్వాత మడకశిర, పెనుకొండ, సోమందేపల్లి పిల్లలకు విమానమంటే సినిమాల్లో చూసే వస్తువు కాకుండా పోయింది. భుజాల మీద నాలుగు బంగారు గీతలతో, చక్రాల పెట్టె లాక్కుంటూ నడిచిపోయే మనిషిని చూశాక ఆ ఉద్యోగానికి తిరుగులేదనుకోవడం సహజమే. కెప్టెన్ అయినవాళ్లకు ఇప్పటికీ మంచి జీతం వస్తుంది, కాదనను. కానీ ఆ నాలుగు గీతల దాకా వెళ్లే దారి ముప్పై ఏళ్లలో ఎలా మారిందో చూస్తుంటే, నేను పుట్టి పెరిగిన ధర్మవరం మగ్గాల వీధే కళ్ల ముందుకొస్తుంది. రెండు పనులకూ, రెండు సంపాదనలకూ పోలికే లేదు. పనివాడి కూలి పడిపోయే తీరు మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

కియా ఫ్యాక్టరీ కోసం ఎర్రమంచి చుట్టుపక్కల భూములు తీసుకున్నప్పుడు మా బంధువొకాయనకు పరిహారం వచ్చింది. ఆ డబ్బుకు కొంత అప్పు కలిపి కొడుకును పైలట్ చదువుకు పంపాడు. పిల్లవాడు రెండువందల గంటలు విమానం నడిపి, పరీక్షలన్నీ గట్టెక్కి, కమర్షియల్ పైలట్ లైసెన్సుతో ఇంటికొచ్చాడు. ఖర్చు అక్కడితో ఆగలేదు. ఎయిర్‌బస్ 320 లాంటి ఏదో ఒక రకం విమానం మీద ప్రత్యేకంగా శిక్షణ పొందితే తప్ప ఎయిర్‌లైన్ వాళ్లు కో పైలట్ కూర్చునే కుడివైపు సీట్లో కూర్చోనివ్వరు. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. దానికి ఇంకో పదిహేను ఇరవై లక్షలు. ఆ సంగతి తెలిసిన రోజు ఆయన నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది: "ఏం బావా, ఉద్యోగమిచ్చేవాడికి మనమే దుడ్లు కట్టేదేంది? ఇదెక్కడి లెక్క?"

ఒకప్పుడు ఈ లెక్క లేదు. బేగంపేట నుంచి ఎగిరిన దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా దేశంలోని పలు విమాన కంపెనీలను కలిపి 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పాటు చేశారు. ఆ సంస్థ హైదరాబాదులోనే సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ పెట్టుకుని తన పైలట్లను తానే తయారుచేసుకుంది. 1989 నుంచి ఎయిర్‌బస్ 320లు రావడంతో తర్వాత వాటి సిమ్యులేటర్లూ అక్కడికే చేరాయి. విమానం సంస్థదైతే, దాన్ని నడపడం నేర్పే ఖర్చూ సంస్థదే. అందులో వింతేమీ లేదని అప్పట్లో అందరూ అనుకున్నారు.

1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టాన్ని రద్దు చేసి ప్రైవేటు సంస్థలకు దారి తెరిచారు. 2003లో ఎయిర్ డెక్కన్, 2005లో స్పైస్‌జెట్, కింగ్‌ఫిషర్, 2006లో ఇండిగో వచ్చాయి. విమానాలు ఒక్కసారిగా పెరిగాయి. వాటిని నడిపేవాళ్లు చాలలేదు. ఆ నాలుగైదేళ్లు పైలట్ అడిగిందే జీతం. విదేశాల నుంచి కెప్టెన్లను తెచ్చుకున్నారు. ఇది చూసి వేలమంది పిల్లలు అమెరికాకూ ఫిలిప్పీన్స్‌కూ పోయి లైసెన్సులు తెచ్చుకున్నారు. తీరా వాళ్లు తిరిగొచ్చేసరికి 2008. చమురు ధర మండిపోయింది, ఆ వెంటనే ప్రపంచమంతా మాంద్యం. నియామకాలు నిలిచిపోయాయి. ఈ లైసెన్సు డిగ్రీ కాగితంలా బీరువాలో పెట్టుకుంటే చెల్లేది కాదు. ఎప్పటికప్పుడు వైద్య పరీక్షలు చేయించుకోవాలి, గంటకింత చొప్పున డబ్బు కట్టి విమానం నడుపుతూ ఉండాలి. ఎదురుచూడటానికీ ఖర్చే. అన్ని ఖర్చులు పెట్టి ఎదురుచూసేవాడు ఎంత జీతమిస్తారని బేరమాడడు. శిక్షణ ఖర్చును పిల్లల తండ్రుల మీదికి నెట్టవచ్చని ఎయిర్‌లైన్స్‌కు అర్థమైంది అప్పుడేనని నా నమ్మకం. 2023లో ఒక్క ఏడాదే దేశంలో 1,600కు పైగా లైసెన్సులు ఇచ్చారు. కెప్టెన్లు దొరకడం లేదని కంపెనీలు వాపోతుంటే, కొత్త పిల్లలు బారులు తీరి నిలబడి ఉన్నారు. కొరత పైన ఉంది, గుంపు కింద ఉంది. అందుకే జీతం కోత ఎప్పుడూ కిందినుంచే మొదలవుతుంది.

టికెట్ ధర తగ్గింది కాబట్టి జీతం తగ్గిందని చెప్పేవాళ్లున్నారు. అది పూర్తి కారణం కాదు. మన దేశంలో విమాన సంస్థ ఖర్చులో దాదాపు నలభై శాతం ఇంధనానికే పోతుంది. దాని ధర వాళ్ల చేతిలో లేదు. విమానాల అద్దె డాలర్లలో కట్టాలి, విమానాశ్రయాల రుసుములు వేరేవాళ్లు నిర్ణయిస్తారు. పోటీలో టికెట్ ధర దించాలంటే సంస్థ చేతికి అందేది మనుషుల జీతమొక్కటే. ధర్మవరంలో పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు చెప్పే మాటా ఇదే. పట్టు ధర రామనగర, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లలో తేలుతుంది, జరీ సూరత్ నుంచి వస్తుంది. చీర ధర తగ్గించాలంటే ఇక మిగిలింది మగ్గం కూలి. హిందూపురం, ధర్మవరం చుట్టుపక్కల మర మగ్గాల మీద అవే డిజైన్లు దిగుతున్నాయి. పట్టు చీరలతో కలిపి పదకొండు రకాలు చేనేతకే చెందాలని 1985 నాటి చట్టం చెబుతుంది. చట్టం ఉంది, మర మగ్గాలూ ఉన్నాయి.

మా పెదనాయనది గుంట మగ్గం. కాళ్లు గుంటలో, చేయి నాడె మీద. మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల వరసను వార్పు అంటారు. ఒక వార్పుకు మూడో నాలుగో చీరలు. కొత్త వార్పు వచ్చాక పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతకాలి. అలాంటివి వేలకొద్దీ ఉంటాయి. ఆ పనిలో రోజులు పోయేవి. పెద్దమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టేది. చీర అయ్యాక పెదనాయన దాన్ని మడిచి షావుకారు ఇంటికి తీసుకెళ్లేవాడు. అక్కడ తూకం. ఇచ్చిన పట్టు ఎంత, జరీ ఎంత, తిరిగొచ్చిన చీర ఎంత తూగింది, అన్నీ పుస్తకంలో రాసేవాళ్లు. చివరి గడిలో చీర కూలి. పోగులు అతికిన రోజులకు ఆ పుస్తకంలో గడి లేదు. పెద్దమ్మ చుట్టిన కండెలకూ లేదు. వార్పు కోసం కాచుకున్న రోజులకు అసలే లేదు.

విమాన సంస్థల్లో చాలాచోట్ల లెక్క ఇలాగే ఉంటుంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణంలో గడియారం మొదలవుతుంది, గమ్యంలో ఆగినప్పుడు ఆగిపోతుంది. గంటల భత్యానికి ఆ మధ్య సమయమే లెక్క. ముందుగా వచ్చి వాతావరణ సమాచారం కాగితాలు చదవడం, ఇంధనం ఎంతో తేల్చుకోవడం, విమానం చుట్టూ తిరిగి చూసుకోవడం, ఊరు కాని ఊళ్లో తర్వాతి విమానం కోసం కూర్చోవడం ఆ గంటల్లోకి రావు. కాబట్టి నెలకు ఎన్ని గంటలకు గ్యారంటీ ఇస్తారన్నదే అసలైన జీతం. 2024 ఏప్రిల్‌లో విస్తారా విమానాలు వరసగా రద్దయినప్పుడు గొడవంతా దీని మీదే. ఎయిరిండియాలో విలీనానికి ముందు కొత్త ఒప్పందం తెచ్చి, గ్యారంటీ గంటలను 70 నుంచి 40కి తగ్గించారు. నెలంతా పని దొరికితే నష్టం అంతగా కనబడదు. పని తగ్గిన నెలలో ఆ భారమంతా పైలట్‌దే.

పెదనాయన దగ్గర పనితనం లేక కూలి పెరగలేదా? ఎంతో నేర్పు కావాల్సిన కుట్టు బార్డరు వేసేవాళ్లలో ఆయన పేరు చెప్పుకునేవాళ్లు. ఆయన మరో షావుకారు దగ్గరికి ఎందుకు పోలేదో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. అత్త పెళ్లికీ, మగ్గం సామానుకూ తీసుకున్న అడ్వాన్సు ఆ పుస్తకంలో ముందు పేజీలో ఉండేది. ఆ బాకీ తీరితే తప్ప మగ్గం ఇంకొకరికి నేయదు. పక్క వీధిలో చీరకు ఎక్కువ ఇస్తున్నారని తెలిసినా ఏం లాభం? వెళ్లలేనివాడికి ఎక్కువ ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. 2019-20 చేనేత గణనలో దేశంలోని నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతులకు నెల ఆదాయం 5,000 రూపాయల లోపే అని తేలింది. దాని వెనక మర మగ్గం ఎంత ఉందో, ఆ ముందు పేజీ కూడా అంతే ఉంది.

పైలట్ల అడ్వాన్సు పేరు బాండు. శిక్షణ కంపెనీ ఇప్పిస్తే ఇన్నేళ్లు వదిలి పోకూడదు, పోతే ఇంత కట్టాలి. బాండు తీరిన తర్వాత కూడా చట్టం ఊరుకోదు. కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు, కో పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టింది. గుంపుగా మానేస్తే ప్రయాణికులు ఇబ్బంది పడతారన్నది కారణం. పైలట్ల సంఘాలు కోర్టుకెక్కాయి. 2023లో 43 మంది పైలట్లు నోటీసు గడువు పూర్తిచేయకుండా వెళ్లిపోయారని ఆకాశ ఎయిర్ కోర్టుకెళ్లింది. ప్రయాణికుల ఇబ్బంది నిజమే. కానీ పక్క కంపెనీ ఎక్కువ ఇస్తానంటే ఏడాది ఆగి రమ్మంటే ఎవడు ఆగుతాడు? దేశంలో ఇంకే ఉద్యోగంలోనైనా ఏడాది నోటీసు ఇమ్మంటే ఒప్పుకుంటామా?

అమెరికాలో కట్టిపడేసేది సీనియారిటీ. అక్కడ ఇరవై ఏళ్లు ఒక సంస్థలో చేసిన కెప్టెన్ ఇంకో సంస్థకు పోతే కొత్తవాడి జీతంతో, కొత్తవాడి సీట్లో మొదలుపెట్టాలి. 1978లో అక్కడ టికెట్ ధరల మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. 1983లో కాంటినెంటల్ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టి, ఉద్యోగుల ఒప్పందాలను చింపేసి, పైలట్ల జీతాలు దాదాపు సగానికి కోసింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత యునైటెడ్, యూఎస్ ఎయిర్‌వేస్, డెల్టా, నార్త్‌వెస్ట్ ఒకదాని వెనక ఒకటి దివాలా కోర్టుకెళ్లాయి. హడ్సన్ నది మీద విమానం దించి 155 మందినీ బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్, 2009 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ ముందు తన జీతం నలభై శాతం తగ్గిందనీ పింఛను పోయిందనీ చెప్పాడు. ప్రపంచమంతా అతని చేతి నేర్పును పొగుడుతున్న రోజులవి. అదే నెలలో బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ విమానం కూలి, అందులోని 49 మందితో పాటు నేల మీద ఒకరు చనిపోయారు. ఆ విమానంలో కో పైలట్ జీతం ఏడాదికి 16,000 డాలర్ల చిల్లర. ఆమె ముందురోజు రాత్రి దేశం ఆ కొస నుంచి ఈ కొసకు వేరే విమానాల్లో ప్రయాణించి డ్యూటీకి వచ్చింది.

ఆ ప్రమాదం తర్వాత అమెరికాలో కో పైలట్‌కూ 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు. కోవిడ్ కాలంలో పెద్దవాళ్లు ముందే పదవీ విరమణ తీసుకున్నారు. మనుషుల కొరత వచ్చింది. 2023లో డెల్టా పైలట్లు నాలుగేళ్లలో 34 శాతం పెంపుతో ఒప్పందం చేసుకున్నారు. 2009లోనూ 2023లోనూ విమానాన్ని దించే నేర్పు ఒకటే. మారింది బేరం.

మా వీధిలోనూ అదే చూశాను. పిల్లలు దొడ్డబళ్లాపురం మర మగ్గాలకు, బెంగుళూరు సెక్యూరిటీ ఉద్యోగాలకు, కొందరు కియా చుట్టూ వెలసిన ఫ్యాక్టరీలకు పోయారు. కుట్టు బార్డరు వేయడం చేతనైనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలాక వాళ్లకు కూలి పెంచక తప్పలేదు. అప్పటికి నేర్చుకోవడానికి ఇంట్లో పిల్లలే లేరు. ఇది ఆనందించాల్సిన పెరుగుదల అనుకోను. కూలి సరిగ్గా ఇచ్చి ఉంటే ఆ పిల్లల్లో కొందరైనా మగ్గం దగ్గరే ఉండేవాళ్లు. విమాన సంస్థలకు ఇది ముందే తెలియడం మంచిది. 2025 నవంబరులో పైలట్ల విశ్రాంతి నియమాలు గట్టిగా అమల్లోకొచ్చాక, చాలినంతమంది లేక డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దుచేసుకుంది. మనుషులను బొటాబొటిగా పెట్టుకుని నడిపితే జరిగేది అదే.

అందుకే పెనుకొండ కుర్రాళ్ల తల్లిదండ్రులకు నేను పైలట్ చదువు వద్దని చెప్పను. పని గొప్పది, నేర్చుకునేవాడికి అందులో ఆనందముంది. కానీ బాండు మీద సంతకం పెట్టేముందు ఒక వకీలు చేత ప్రతి పంక్తీ చదివించమంటాను. బాండు మొత్తం ఏటేటా తగ్గుతుందా, చివరిరోజు దాకా అంతే ఉంటుందా? అసలు సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి? నెలకు గ్యారంటీ గంటలెన్ని, వాటిని కంపెనీ తనంతట తాను మార్చవచ్చని ఎక్కడైనా రాశారా? ఉద్యోగం మాన్పించాలంటే కంపెనీ ఎన్నాళ్లు ముందు చెప్పాలి? కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో. రేపు సంతకం పెట్టే కంపెనీ కూడా అలా ఆగిపోతే, శిక్షణ కోసం ముందుగా కట్టిన లక్షలు ఎవరు తిరిగిస్తారో ఆ కాగితంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడగాలి.