ఆకలి లేని మనిషి: వింత వీడియోల వస్తువూ, రూపమూ

ఒక కాలంలో వింతలు చూడాలంటే జాతరకు వెళ్ళవలసి వచ్చేది. గుడారం ముందు డప్పు కొట్టేవాడు లోపలున్న వింతను గురించి ఎంత గొప్పగా చెప్పినా, అణా ఇచ్చి లోపలికి పోయినవాడికి అక్కడున్నదేదో, లేనిదేదో తెలిసిపోయేది. ఈనాడు వింత మన చేతిలోని ఫోనులోకే వచ్చింది. గుండెను ఆపే యోగులు, మంచులో ఒంటివేడితో తడిగుడ్డలు ఆరబెట్టే సన్యాసులు, దశాబ్దాల తరబడి అన్నమూ నీళ్ళూ ముట్టని బాబాలు, సముద్రం అడుగున చేపల్లా తిరిగే మనుషులు—వీరిని గురించిన వీడియోలు తెలుగులో కూడా కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. విద్యార్థులు చూస్తున్నారు. సైన్సు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు కూడా చూసి ఒకరికొకరు పంపుకుంటున్నారు. కనక వీటిని మూఢనమ్మకాలని ఒక్క మాటతో తోసెయ్యటం విమర్శ కాదు. ఇవి ఈ కాలపు కథలు. వీటికి వస్తువుంది, రూపముంది, దృక్పథముంది. ఏ కథను పరిశీలించినట్టే వీటినీ పరిశీలించవలసి ఉంది.

ముందు రూపం సంగతి చూద్దాం. పాతకాలపు మూఢత్వం శాస్త్రాన్ని చూసి భయపడింది, శాస్త్రజ్ఞుణ్ణి నాస్తికుడని తిట్టింది. కొత్త మూఢత్వం అలా చెయ్యదు. శాస్త్రజ్ఞుణ్ణి పిలిచి తన పక్కన సాక్షిగా నిలబెట్టుకుంటుంది. "శాస్త్రవేత్తలకే అంతుచిక్కని రహస్యం" అనేది దీని మూలమంత్రం. తెల్లకోట్లు, యంత్రాలు, ఒక విదేశీ విశ్వవిద్యాలయం భవనం తెరమీద కనిపిస్తాయి. వెనక గంభీరమైన సంగీతం వినిపిస్తుంది. ప్రయోగం చేసింది ఎవరు, ఏ సంవత్సరంలో, ఎంతమంది మీద, దేన్ని కొలిచారు అనే ప్రశ్నలు మాత్రం రావు. కథనం ప్రశ్నతో మొదలై ప్రశ్నతోనే ముగుస్తుంది. శాస్త్రంలో ప్రశ్న వెతుకులాటకు మొదలు. ఈ వీడియోల్లో అది వెతుకులాట అక్కర్లేదని చెప్పే ముగింపు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. టిబెటన్ సన్యాసుల "తుమ్మో" సాధన గురించిన వీడియోల్లో, వారు ధ్యానంతో శరీరపు వేడిని ఎనిమిది డిగ్రీలు పెంచారనీ, దీన్ని హార్వర్డ్ రుజువు చేసిందనీ చెప్పటం కద్దు. అసలు జరిగినదేమిటి? హెర్బర్ట్ బెన్సన్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ధర్మశాల ప్రాంతంలో ముగ్గురు సన్యాసులను పరీక్షించి, 1982లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. 8.3 డిగ్రీల సెంటిగ్రేడు వరకూ వేడెక్కినవి వారి చేతివేళ్ళూ, కాలివేళ్ళూ. వేళ్ళలో రక్తనాళాలు విప్పారితే అక్కడికి వెచ్చని రక్తం ఎక్కువగా చేరుతుంది. అంతేగాని మొత్తం శరీరమే 37 డిగ్రీల నుంచి 45కు పోతే మనిషి బతకడు. 2013లో మరియా కొజెవ్నికోవ్ బృందం ఇదే సాధన మీద చేసిన పరిశోధనలో చంకలో కొలిచిన వేడి 38.3 డిగ్రీల దాకా పెరిగింది. ఇది మామూలు జ్వరమంత వేడి. పైగా ఇందులో ఊపిరి బిగబట్టే పద్ధతికి పెద్ద పాత్ర ఉందనీ, దాన్ని నేర్చుకున్న సామాన్యుల్లో కూడా కొంత ఫలితం కనిపించిందనీ తేలింది. నిజం ఇంత ఆసక్తికరంగా ఉంది. వీడియో చేసిందల్లా వేలిని తీసేసి ఆ చోట శరీరాన్ని పెట్టటం. ఈ ఒక్క మాట మార్పుతో శరీరధర్మ శాస్త్రం మహిమగా మారిపోయింది.

గుండె ఆపటం సంగతీ ఇంతే. వెంగర్, బాగ్చీ, ఆనంద్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు మన దేశంలో ఇటువంటి యోగులను స్వయంగా పరీక్షించి 1961లో వివరాలు ప్రకటించారు. ఊపిరి బిగించి, ఛాతీ కండరాలనూ పొట్ట కండరాలనూ గట్టిగా బిగిస్తే ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది, గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. అప్పుడు మణికట్టు దగ్గర నాడి అందదు, గుండె చప్పుడూ వినిపించదు. కాని విద్యుత్ రేఖాపటంలో గుండె కొట్టుకుంటూనే ఉంది. అదే 1961లో ఆనంద్, చీనా, బల్దేవ్ సింగ్ కలిసి రామానంద యోగి అనే సాధకుణ్ణి గాలి చొరని పెట్టెలో ఉంచి పరీక్షించినప్పుడు, ఆయన తన ప్రాణవాయువు వినియోగాన్ని మామూలు విశ్రాంతి స్థాయి కంటే బాగా తగ్గించుకోగలిగినట్టు కనుగొన్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానికి 'కాదు' అనీ, ఇంకొకదానికి 'ఔను' అనీ అన్నది ఒకే శాస్త్రం. 'కాదు' అనే హక్కు ఉన్న నోటి నుంచి వచ్చింది గనకనే ఆ 'ఔను'కు విలువ. వింత వీడియో 'ఔను'ను తీసుకుని 'కాదు'ను పారేస్తుంది. అంటే శాస్త్రం గౌరవాన్ని ఉంచుకుని శాస్త్ర పద్ధతిని పారేస్తుంది.

ఇంతవరకూ ఇది వక్రీకరణ మాత్రమే. దీనికంటే పెద్ద అపచారం ఆకలి విషయంలో జరుగుతున్నది. గుజరాతుకు చెందిన ప్రహ్లాద్ జానీ 1940 నుంచి అన్నపానీయాలు మానేశానని చెప్పుకునేవాడు. ఆయనను 2003లోనూ, 2010లోనూ అహమ్మదాబాదులో పరిశీలనలో ఉంచారు. రెండవసారి 15 రోజులు జరిగిన పరిశీలనలో రక్షణ శాఖ పరిశోధన సంస్థ పాల్గొన్నది. ఆయన పుక్కిలించటానికీ, స్నానం చెయ్యటానికీ మాత్రం నీళ్ళు ఇచ్చారు. సనల్ ఎడమరుకు వంటి హేతువాదులు పరీక్షలోని లొసుగులను ఎత్తిచూపారు. పదిహేను రోజుల పరిశీలన ఎనభై ఏళ్ళ వాదానికి రుజువు ఎట్లా అవుతుందని వీడియోలు అడగవు. కదలకుండా పడుకున్న మనిషి శరీరం కూడా రోజుకు వెయ్యికి పైగా కిలో కేలరీల శక్తిని ఖర్చు చేస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తుందనీ అడగవు. జానీ 2020 మే నెలలో చనిపోయాడు. వీడియోలు మాత్రం చావలేదు.

ఆ 2010 పరీక్షప్పుడు అధికారులు చెప్పిన ప్రయోజనం గమనించదగ్గది. తిండి లేకుండా బతికే రహస్యం తెలిస్తే అది సైనికులకూ, విపత్తులలో చిక్కుకున్నవారికీ ఉపయోగపడుతుందట! ఆకలికి మందు అన్నం పెట్టటం కాదు, ఆకలి లేకుండా చెయ్యటం అన్నమాట. పాలకవర్గానికి ఇంతకంటే ప్రియమైన కల ఉండదు. 1943 బెంగాల్ కరువులో లక్షలాది ప్రజలు చచ్చిపోయిన దేశం మనది. ఆకలి శరీరాన్ని ఏంచేస్తుందో శాస్త్రానికి తెలియకపోలేదు. 1944-45లో అమెరికాలోని మినెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి పరిశీలించాడు. వారు బరువులో దాదాపు నాలుగోవంతు కోల్పోయారు. ఉత్సాహం చచ్చింది, ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరిగాయి. ఆకలి వారిని జ్ఞానుల్ని చెయ్యలేదు.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక విషయం ఆలోచించాలి. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15 రాత్రి మరణించాడు. అంతకు పూర్వం 1929లో లాహోరు జైలులో ఖైదీల హక్కుల కోసం జతీంద్రనాథ్ దాస్ 63 రోజులు నిరాహారంగా ఉండి అసువులు బాశాడు. ఈ త్యాగాల బలమంతా దేనిలో ఉంది? మనిషికి తిండి కావాలనే సత్యంలో ఉంది. తిండి లేకపోతే చస్తాడని దీక్ష పట్టినవాడికి తెలుసు, ప్రభుత్వానికి తెలుసు, ప్రజలకు తెలుసు. అందుకే ఆ దీక్ష మాట్లాడింది. గాలి తిని బతకవచ్చునని నమ్మే సమాజంలో నిరాహారదీక్షకు అర్థమే ఉండదు. శ్రీరాములు మరణం అప్పుడు సాధన చాలని ఒక భక్తుడి అపజయంగా కనిపిస్తుంది! ఆకలి లేని మనిషి కథ ఎంత అమాయకంగా కనిపించినా, అది ఆకలిగొన్న మనిషి నోటి నుంచి అతని ఆఖరి మాటను కూడా లాగేసుకుంటుంది.

ఈ వీడియోల దృక్పథం ఇక్కడే బయటపడుతుంది. ఇవి మనిషి శక్తిని అతని శ్రమ నుంచీ, చరిత్ర నుంచీ వేరు చేస్తాయి. ఇండొనేషియా ప్రాంతపు బజావు ప్రజలను "చేపమనుషులు"గా చూపిస్తాయి. వాళ్ళు తరతరాలుగా సముద్రం మీద బతికే బెస్తలు. పొట్టకూటి కోసం నీటిలో మునుగుతారు. 2018లో మెలిస్సా ఇలార్డో బృందం పరిశోధించి, వారి ప్లీహం పొరుగున వ్యవసాయం చేసుకునే సలువాన్ ప్రజల ప్లీహం కంటే సుమారు 50 శాతం పెద్దదని కనుగొన్నది. ఊపిరి బిగపట్టి మునిగినప్పుడు ప్లీహం ముడుచుకుని ప్రాణవాయువున్న ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది. మునగని బజావుల్లో కూడా ప్లీహం పెద్దదిగానే ఉండటాన్ని బట్టి ఇది వంశపారంపర్యంగా వచ్చిన లక్షణమని తేలింది. ఒక జాతి వృత్తి దాని దేహంలో చెక్కిన చరిత్ర ఇది! ఏ మహిమ దీనికి సాటి? వీడియోలో మిగిలేది మాత్రం నీలం నీళ్ళూ, వింత మనిషీ. వల ఏమైందో, చేపను ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో తెలియదు.

మన నగరాలలో విషవాయువులు నిండిన మురుగు గుంటలోకి దిగే కార్మికుడు కూడా ఊపిరి బిగపట్టే దిగుతాడు. ఆ పని చేయించటాన్ని 2013 చట్టం నిషేధించినా ఆ చావులు ఆగలేదు. "మానవ శక్తికి పరాకాష్ఠ" అని అతని మీద ఎవరూ వీడియో తియ్యరు. అతణ్ణి చూస్తే ఆశ్చర్యం కలగదు, సిగ్గు కలుగుతుంది గనక.

ఇటువంటి సరుకు ఇంతగా తయారవటానికి కారణం తయారుచేసేవారి అజ్ఞానమే కాదు. 2006లో గూగుల్ కంపెనీ యూట్యూబును 165 కోట్ల డాలర్లకు కొన్నది. 2012 నుంచి ఎన్నిసార్లు చూశారనే దానికంటే ఎంతసేపు చూశారనే దానికి అక్కడ ప్రాధాన్యం వచ్చింది. ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచిన ప్రతి నిమిషమూ ప్రకటనలకు అమ్ముడుపోతుంది. జవాబు తెలిసినవాడు లేచిపోతాడు. తెలియనివాడు కూర్చుంటాడు. కనక జవాబు దాచటమే లాభసాటి శిల్పం అయింది. గదిలో కూర్చుని రాత్రంతా వీడియో కూర్చే నిరుద్యోగ యువకుణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. అతడూ ఈ ఫ్యాక్టరీలో ముక్కకూలివాడే.

కొందరు మిత్రులు ఇవి కనీసం సైన్సు మీద ఆసక్తి పుట్టిస్తాయి కదా అంటారు. ఆసక్తి పుట్టటం నిజమే, కాని ప్రశ్న వేసి జవాబు దాచే అలవాటు ఆ ఆసక్తిని పెరగనివ్వదు. ఇంకొందరు యోగమూ ధ్యానమూ అంతా బూటకమని కొట్టిపారేస్తారు. ఇదీ శాస్త్రీయ దృష్టి కాదు. పైన చెప్పిన ప్రయోగాలే అందుకు సాక్ష్యం. కొలవటానికి నిరాకరించేవాడు భక్తుడైనా, హేతువాదినని చెప్పుకునేవాడైనా ఒకటే.

మనం ఆశ్చర్యానికి శత్రువులం కాము. మన నేల మీదనే దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. గోరా స్థాపించిన నాస్తిక కేంద్రం విజయవాడలో నిప్పుల మీద నడక ఏర్పాటు చేసి, దానికి భక్తి గాని, పూనకం గాని అవసరం లేదని అందరి ఎదుటా చూపించింది. బొగ్గు, బూడిద వేడిని త్వరగా అందించవు, అడుగు పడి లేచేది క్షణంలో. కారణం తెలిసిన తరువాత నిప్పుల మీద నడిచినవాడి ఆశ్చర్యం తగ్గలేదు, భయం తగ్గింది. 1988 నుంచి జనవిజ్ఞాన వేదిక ఊరూరా చేస్తూవచ్చిన పనీ ఇటువంటిదే. సైన్సు ఉపాధ్యాయులు ఈ వీడియోలనే తరగతిలో పెట్టి, "కొలిచింది వేలినా, ఒంటినా? ఎంతమందిని? ఎన్ని రోజులు? వాళ్ళు ఏంచేసి బతుకుతారు?" అని పిల్లల చేత అడిగించవచ్చు. విద్యార్థులు జవాబు దాచని వీడియోలు తామే తియ్యవచ్చు. రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం వైజ్ఞానిక దృష్టిని పెంచుకోవటం పౌరుడి విధి అని 1976 నుంచీ చెబుతూనే ఉంది. ఆ విధిని నెరవేర్చటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. వాటిలో నాలుగోదాన్ని మరిచిపోకూడదు.