చీటీలో రాయని సంగతులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద మా మేనల్లుడు ఒక కొట్లో రాయించుకొచ్చిన కొటేషన్ చీటీ నా చేతిలో పెట్టాడు. నీలం బాల్‌పెన్నుతో నాలుగు వరసలు. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ. కింద గీత గీసి మొత్తం. వాడు వరంగల్ నుంచి తెచ్చుకున్న 60 వేలలో సగం కూడా కాలేదు.

"మామా, ఐ7 వస్తుంది. ఇంకేం కావాలె?"

అది 2024 మే. వాడి మొహంలో వెలుగు చూసి వెంటనే కాదనలేకపోయాను. పక్కనున్న టీ బండి దగ్గరికి తీసుకెళ్లి, చీటీ మధ్యలో పెట్టుకుని గంటసేపు మాట్లాడాను. ఆ రోజు వాడికి చెప్పినదే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. తక్కువ డబ్బుతో గేమింగ్ సిస్టమ్ అసెంబుల్ చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది కొటేషన్ చదవడం. ముఖ్యంగా అందులో రాయనివి చదవడం.

మొదటి వరసే చూడండి. ఐ7 అన్నారు గానీ ఎన్నో తరందో రాయలేదు. అడిగితే మూడో తరం అని తేలింది. అంటే 2012 నాటిది: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022 జనవరిలో వచ్చిన 12వ తరం ఐ3, అంటే 12100ఎఫ్‌కి కూడా సరిగ్గా అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. పేరులో చిన్నదే గానీ ఒక్కో కోరు చేసే పనిలో పాత ఐ7ను చాలా వెనక్కి నెట్టేస్తుంది. పైగా విండోస్ 11ను ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్ల మీద, ఏవో కొన్ని తప్ప, మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకోదు. మావాడు రోజూ ఆడే వాలరెంట్ అయితే విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ లేనిదే తెరుచుకోదు. కాబట్టి ఐ3, ఐ5, ఐ7 అన్న అక్షరాల కంటే వాటి పక్కనుండే అంకెలే అసలు పేరు. 12400లో ముందున్న 12 తరాన్ని చెబుతుంది. చివర ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌కి సొంతంగా బొమ్మ చూపించే శక్తి లేదని, వేరే గ్రాఫిక్స్ కార్డ్ ఉండి తీరాలని అర్థం.

మూడో వరస ఇంకా ప్రమాదం. 4 జీబీ గ్రాఫిక్స్ అంటే ఏదైనా కావచ్చు. ఆ కొట్లో చూపించింది జీటీ 730. అది 2014 నాటి కార్డు. డీడీఆర్3 మెమరీ ఉన్న 64 బిట్ రకంలో సమాచారం సెకనుకు 14.4 గిగాబైట్లే కదులుతుంది. అదే 4 జీబీ ఉన్న జీటీఎక్స్ 1650లో కనీసం 128 గిగాబైట్లు. రెండు చెరువుల్లోనూ నీళ్లు అంతే ఉన్నాయి గానీ ఒకదానికి తూము గుప్పెడంత, ఇంకోదానికి నిలువెత్తు. పొలం తడిసేది తూముని బట్టి. గ్రాఫిక్స్ కార్డును జీబీలతో కొలవడం మన మార్కెట్లో ఎంతమంది పిల్లల డబ్బును నీళ్లలో పోసిందో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

ఇక ఆ చీటీలో అసలే లేని వరస ఒకటుంది: ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై. అడిగితే "క్యాబినెట్‌తో పాటు వచ్చేస్తుంది అన్నా" అన్నాడు కొట్టు కుర్రాడు. ఆ మాట నేను చాలా ఏళ్ల కిందట కూడా విన్నాను. అప్పుడు నేను కట్టించుకున్న మొదటి సిస్టమ్‌లో ఉన్నది అలా క్యాబినెట్‌తో పాటు వచ్చిందే. ఒక ఏప్రిల్ సాయంత్రం వోల్టేజీ పడిపోయింది, కరెంటు పోయింది, ఒక్క ఊపుతో తిరిగొచ్చింది. వెనకనుంచి టప్‌మని శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోతే పోనిమ్మనుకునేవాణ్ని. మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును కూడా వెంట తీసుకుపోయింది. ఆ డిస్కులో మా నాన్నగారి చివరి రెండేళ్ల ఫోటోలున్నాయి. అందుకే ఈ భాగం దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను.

ఎస్‌ఎంపీఎస్ పని చెప్పుకోవడానికి సులువే. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి పంచుతుంది. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తాగేది దాదాపుగా 12 వోల్టుల దారిలోనే. కాబట్టి డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసిన వాట్లు చూడకండి. పక్కకి తిప్పి, అంటించిన లేబుల్ మీద 12వీ అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి, దాన్ని 12తో గుణించండి. ఆ రోజు చూపించిన 450 వాట్ల డబ్బా మీద 16 ఆంపియర్లుంది. పన్నెండు పదహార్లు 192. మిగతా వాట్లు మనకు అక్కరకు రాని దారుల్లో ఉన్నాయన్నమాట. పక్క కొట్లో చూసిన 550 వాట్ల మంచి యూనిట్ మీద 45 ఆంపియర్లు: 540 వాట్లు. మావాడి ఫోన్‌లోనే లెక్క వేయించాను. వాడు రెండు లేబుళ్లనీ ఫోటో తీసుకుని, చీటీని మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. దాని గురించి మళ్లీ మాట్లాడలేదు.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర గురించి కూడా ఒక మాట. అది చెప్పేది ఎంత కరెంటు వేడిగా వృథా అవుతుందన్న సంగతే. వోల్టేజీ ఎగిసినప్పుడు, షార్ట్ అయినప్పుడు లోపలున్నవాటిని కాపాడుతుందా అన్నది ఆ ముద్రలో లేదు. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ రక్షణలున్నాయని కంపెనీ విడిగా రాసిందో లేదో, వారంటీ ఎన్నేళ్లో చూసుకోవాలి. అయిదేళ్లు ఇచ్చేవాడు తన సరుకును నమ్ముకున్నవాడు.

అసలు ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. నేను మానిటర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మనం చూసేది దాన్నే. మా అక్క ఇంట్లో 1080పీ మానిటర్ ఒకటి అప్పటికే ఉంది, 75 హెర్ట్జ్‌ది. 1920 అడ్డం, 1080 నిలువు: 20 లక్షల పైచిలుకు చుక్కలు. 4కే అయితే దానికి సరిగ్గా నాలుగింతలు. ఆ చుక్కలన్నిటికీ సెకనుకు 60, 75 సార్లు రంగు వేయాల్సింది గ్రాఫిక్స్ కార్డే కాబట్టి, తెర పెద్దదయ్యేకొద్దీ కార్డు ఖర్చు కొండెక్కుతుంది. 60 వేలలో 1080పీ దగ్గర ఆగిపోవడం సర్దుకుపోవడం కాదు, డబ్బుకు పూర్తి ఫలితం దక్కే చోటు అదే.

తెర తేలాక కార్డు. మొత్తం డబ్బులో మూడో వంతు నుంచి సగం దాకా దీనికే పెట్టమంటాను. ఆ రోజు మేం తీసుకున్నది ఆర్ఎక్స్ 6600. 8 జీబీ మెమరీ, సెకనుకు 224 గిగాబైట్ల తూము, 132 వాట్ల వాడకం. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కొన్ని వేలు తక్కువకు వస్తుందని మావాడు ఆశపడ్డాడు. అది మదర్‌బోర్డుతో మాట్లాడే దారి నాలుగు లేన్లే, మెమరీ 4 జీబీయే. పాత బోర్డుల మీద ఆ ఇరుకుదారి ఇంకా సగమవుతుంది.

సెకండ్ హ్యాండ్ సంగతి అడిగేవాళ్లు చాలామంది. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో మైనింగ్ చేసేవాళ్లు పని లేక వాటిని అమ్మకానికి పెట్టారు. అందులో మంచివీ ఉన్నాయి. అయితే కొనేముందు కార్డు మన కళ్లెదుట కనీసం అరగంట గేమ్‌తో నడవాలి, ఫ్యాన్లు గరగరలాడకూడదు, బిల్లు చేతికి రావాలి. ఇంకో దారి మన తెలుగు ఇళ్లకు బాగా తెలిసిందే: అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసు. అక్కడ చవగ్గా కనబడినా ఇక్కడి వారంటీ చాలా కార్డులకు వర్తించదు. పాడైతే మళ్లీ ఎవరో అమెరికా వెళ్లేదాకా ఆగాలి. ఇక్కడ 18 శాతం జీఎస్టీతో కొన్న బిల్లే నాకు ధైర్యం.

ప్రాసెసర్‌గా రైజెన్ 5 5600 తీసుకున్నాం. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. ఇక్కడే జోడు కుదరాలి. వాలరెంట్ లాంటి ఆటలో కార్డుకు పని తక్కువ, ప్రాసెసర్ మీదే బరువు. సైబర్‌పంక్ 2077 లాంటిదాంట్లో కార్డు రొప్పుతుంది. ఒకటి గట్టిది, ఒకటి బక్కది కట్టిన ఎడ్లబండి బక్క ఎద్దు నడకే నడుస్తుంది. గట్టి ఎద్దుకు పెట్టిన డబ్బు గాటన కట్టిన పశువులా ఊరికే నిలబడి ఉంటుంది.

ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ పాతబడిందని, డీడీఆర్5 ఉన్న ఏఎం5కి వెళ్లాలని కొట్లో ఒకాయన గట్టిగా చెప్పాడు. ఆయన మాటలో తప్పు లేదు. ముందుముందు కొత్త తరం ప్రాసెసర్లు వచ్చేది దానికే. కానీ అప్పుడు బోర్డు, ర్యామ్‌లకు పెరిగే ఖర్చు కార్డులోంచి కోయాలి. మావాడికి కావాల్సింది ఈ మూడేళ్ల ఆట. బీ550 బోర్డు తీసుకున్నాం. ఒకవేళ మీకు బీ450 చవగ్గా దొరికితే, బయోస్ రైజెన్ 5000 సిరీస్‌కు తగ్గట్టు అప్‌డేట్ అయిందో లేదో కొట్లోనే చూపించమనండి. ఇంటికెళ్లాక నల్లటి తెర చూసి కుమిలిపోవడం దేనికి?

ర్యామ్‌లో 16 జీబీ ఒకే కర్రగా కాకుండా 8, 8 చొప్పున రెండు తీసుకోవాలి. డీడీఆర్4 3200 కర్ర ఒక్కోటి సెకనుకు 25.6 గిగాబైట్లు మోస్తుంది. రెండు ఛానళ్లలో పెడితే ఆ మోత రెట్టింపు. చీటీలో రెండూ '16 జీబీ' అనే ఉంటాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఇప్పుడు కట్టేవాళ్లు పాత సిస్టమ్‌లోని డీడీఆర్4 కర్రలు పనికొస్తాయేమో ముందు చూసుకోవడం మంచిది. ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకం 1 టీబీ. క్యాబినెట్‌కు ముందువైపు జాలీ ఉండాలి, అద్దం కాదు. మన ఎండల్లో గాలి ఆడని పెట్టెలో ఈ ప్రాసెసర్ 90 డిగ్రీలు తాకి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రంగుల లైట్లకు పెట్టే వెయ్యి రూపాయలు ఇంకో ఫ్యాన్‌కు పెట్టండి.

ఇన్ని కంపెనీల సరుకులు ఒకే పెట్టెలో ఇలా ఒదిగిపోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే. 1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని విడుదల చేసినప్పుడు దాని సర్క్యూట్ల పటాలతో సహా సాంకేతిక వివరాలను పుస్తకంగా ఇచ్చింది. ఎవరైనా దానికి తగిన కార్డులు చేసుకోవచ్చు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది: బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు, స్క్రూ రంధ్రాలు ఫలానా చోట. ముప్పై ఏళ్లయినా ఆ రంధ్రాలు అక్కడే ఉన్నాయి. పార్క్‌లేన్‌లోనూ, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ, బెంగళూరు ఎస్పీ రోడ్‌లోనూ ఇన్ని కుటుంబాలు బతుకుతున్నది ఆ కొలతల పుణ్యాన. పాడైన భాగం ఒక్కటే మార్చుకునే హక్కు మన చేతిలో ఉన్నదీ అందువల్లే.

బిగించడం మా ఇంట్లోనే, డైనింగ్ టేబుల్ మీద. వాడితోనే చేయించాను. రైజెన్ అడుగున 1331 పిన్నులు తలవెంట్రుకల్లా ఉంటాయి. మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి ఎదురుగా పెట్టి వదిలేస్తే దానంతటదే దిగాలి, నొక్కకూడదు. వాడు ఊపిరి బిగబట్టి వదిలాడు. దిగింది. ర్యామ్ కర్రలు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు గాడుల్లోకి 'టక్' మన్నాయి. అంతా అయ్యాక స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. వాడి మొహం పాలిపోయింది. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మదర్‌బోర్డుకు పెట్టాడు. 5600కి సొంత గ్రాఫిక్స్ లేదు కదా. కిందికి మార్చి కార్డుకు పెట్టగానే వెలిగింది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయించాను. లేకపోతే 3200 ర్యామ్ అని డబ్బిచ్చి కొన్నది 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూనే ఉంటుంది, మనకు తెలియను కూడా తెలియదు.

మొత్తం 60 వేలకు ఒకటిన్నర వేలు తక్కువైంది. యూపీఎస్ డబ్బులు నేనిచ్చాను. 600 వీఏది, అంటే సుమారు 360 వాట్లు. ఆట మధ్యలో సిస్టమ్, మానిటర్ కలిసి 300 లోపే లాగుతాయి కాబట్టి కొన్ని నిమిషాలు నిలబడుతుంది.

జూన్ మొదటి వారంలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. వరంగల్‌లో గాలివాన, వెనకాల మా అక్క కొవ్వొత్తి కోసం అరుస్తోంది.

"మామా, మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. బీప్ బీప్ అంటుంటే గేమ్ సేవ్ చేసి బందు పెట్టిన. ఇప్పుడే మళ్ల ఆన్ చేసిన."

"వచ్చిందా?"

"వచ్చింది. ఆపిన కాడికెల్లే ఆడుతున్న."