పాతది తెచ్చారా?

విజయవాడ ఆటోనగరులో మోటారుబండ్ల విడిభాగములమ్ము దుకాణముల వరుసలో ఒక పూట తీరుబడిగా నిలిచి చూచినవారికి ఒక సంగతి తేటపడును: అచ్చటికి వచ్చువారిలో పలువురు తమకు కావలసిన వస్తువేదో చెప్పరు, తమ బండి పేరు మాత్రము చెప్పుదురు. "అంబాసిడరుకు బ్రేకు సామాను" అని యొకరును, "మారుతికి ప్యాడ్లు" అని మరియొకరును అడిగి, అంతటితో తమ వంతు తీరినదని తలంచి, డబ్బు తీసి చేతబట్టుకొని నిలుచుందురు. బల్ల కావలనున్న మనిషికి అసలు పని అప్పుడే మొదలగును. ఏలయన బండి పేరు వేరు, బండిలోని భాగము వేరు, ఆ రెంటికి నడుమనున్న దూరమును ప్రశ్నలతో దాటవలెను గాని ఊహతో దాటరాదు.

నేను చిరకాలముగా నెరిగిన దుకాణదారుడొకడు కలడు. ఆ వీథిలో అందరును ఆయనను పెద్దాయన యందురు. ముక్కుమీదికి జారిన కళ్లజోడులోనుండి కాక దాని పైనుండి చూచుచు, వచ్చిన ప్రతివానిని ఆయన మొట్టమొదట అడుగు ప్రశ్న "పాతది తెచ్చారా?" అనునదే. ఒకనాడు నేనచ్చట కూర్చుండియుండగా గ్యారేజి కుఱ్ఱవాడొకడు ఉరుకులు పరుగులమీద వచ్చెను.

"బాబాయ్, అంబాసిడరుకి ముందు బ్రేకు సెట్టు ఒకటియ్యి."

"ఏ బండిరా? పాత ఇంజనా, ఇసుజుదా?"

"ఏమో బాబాయ్, తెల్ల బండి."

"తెల్లవి కానివి ఎన్నుంటాయిరా! ముందు డ్రమ్ములా, డిస్కులా? అదన్నా చూశావా?"

"ఓనరుగారు తొందర పడుతున్నారు. ఏదో ఒకటియ్యి బాబాయ్, సెట్టయిపోద్ది."

"ఆయన తొందర బ్రేకుకేం తెలుసు? పోయి పాతది విప్పుకురా."

కుఱ్ఱవాడు గొణుగుకొనుచు పోయి, కొంతసేపటికి నూనెమరకల గుడ్డలో చుట్టిన బ్రేకు షూలతో తిరిగివచ్చెను. పెద్దాయన ఆ షూలను బల్లమీద పరచి, వెడల్పును వెర్నియరుతో కొలిచి, లైనింగు అంచును బొటనవ్రేలితో తుడిచి అక్షరములు చదివి, అలమారలోనుండి తీసిన కొత్తదానిని పాతదానిపై నుంచి, రంధ్రములును వంపును కొసలును ఒకదానితో నొకటి సరిపడినదాక త్రిప్పిచూచి, అప్పుడుగాని బిల్లు పుస్తకము తెరువలేదు. ఈ తతంగమంతయు ముసలివాని చాదస్తమని నవ్వువారు కలరు. కాలికొలత ఇయ్యక పట్నము పోవువానితో చెప్పులు తెమ్మనువారు నవ్వినట్లే ఆ నవ్వును నేను లెక్కింతును.

ఆ కుఱ్ఱవాని తప్పును పెద్దదిగా చూపుట నా ఉద్దేశము కాదు. అంబాసిడరు వంటి బండి ఎంతవారినైనను భ్రమపెట్టగలదు. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి బండిని మూసగా గైకొని, 1957 మొదలు 2014 వరకు ప్రధానముగా కలకత్తా చెంగటి ఉత్తరపారాలో తయారైన ఆ వాహనము బాహ్యాకారమున అంతగా మారకుండగనే, లోపల పలుమారులు మారినది: ఇంజను మారెను, డీజిలు వచ్చెను, పిమ్మట ఇసుజు ఇంజను వచ్చెను, ముందు చక్రములకు డ్రమ్ములకు మారుగా డిస్కులు గల రకములును వచ్చినవి. చేతులు మారిన బండ్లలో ఒకదాని భాగములు మరియొకదానికి తగిలించిన ఉదాహరణములు కొల్లలు. కావున తయారైన సంవత్సరము తెలిసినను చాలదు. ఆ చక్రము లోపల ఈనాడున్నదేదో చూడవలెను.

నేటి బండ్లకు ఈ చిక్కు తీర్చుటకై చాసిస్ నంబరున్నది. అది 17 అక్షరములును అంకెలును గల సంఖ్య. ఒకటిగాను సున్నగాను పొరబడకుండుటకై ఆంగ్లాక్షరములలో ఐ, ఓ, క్యూ అనునవి అందు వాడరు. ఒకే పేరుగల బండికి ఏడాది నడుమ బ్రేకు మార్చిన సందర్భములలో, మార్పునకు ముందటిదా తరువాతిదా అని తేల్చునది ఆ సంఖ్యయే. ఫోనులో బండి పేరు చెప్పి భాగములు తెప్పించుకొనువారు ఆ సంఖ్యను గూడ చదివి వినిపించినచో సగము తగవు అచ్చటనే తీరును.

తక్కిన భాగములకు లేని ఈ పట్టుదల బ్రేకుకే ఏల యని అడుగువారుందురు. తలుపు పిడి కొంచెము వదులైన కిరకిరలాడును, అంతే. బ్రేకులో స్వల్పభేదము స్వల్పముగా నుండదు. మూసిన పాత్రలోని ద్రవముపై వేసిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ తేల్చిన సూత్రమే హైడ్రాలిక్ బ్రేకునకు ప్రాణము. పాదము పెడలును త్రొక్కగా మాస్టరు సిలిండరులో పుట్టిన ఒత్తిడి గొట్టముల వెంట పోయి, ప్రతి చక్రముకడనున్న వీలు సిలిండరులోని పిస్టనును త్రోయును. ఆ త్రోపు సిలిండరు బోరు వైశాల్యమును బట్టి యుండును. వైశాల్యము వ్యాసముయొక్క వర్గమును బట్టి పెరుగును. ముప్పావంగుళము బోరు గల సిలిండరు 19 మిల్లీమీటర్లు, ఏడు బై ఎనిమిది అంగుళముల బోరు గలది 22 మిల్లీమీటర్లు. బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టిన, కంటికి కవల పిల్లలు. కాని ఆ మూడు మిల్లీమీటర్ల భేదము వలన రెండవదాని త్రోపు సుమారు 36 శాతము హెచ్చును. కుడిచక్రమునకు ఒకటియు ఎడమచక్రమునకు మరియొకటియు పడినచో, బ్రేకు వేసినపుడెల్ల బండి ఒక వైపునకు లాగును. వెనుక రెంటికిని పెద్దవే పడినచో, వానరోజున గట్టిగా త్రొక్కిన క్షణమున వెనుకచక్రములు ముందుగా బిగిసి, బండి తోక పక్కకు తిరుగును. "సెట్టయిపోద్ది" అను మాట ఇచ్చట చెల్లదు.

సిలిండరు సరియైనదే దొరికినను, దానిలోని రబ్బరు కప్పులు వేరొక సంగతి. నాలుగు చక్రములకును హైడ్రాలిక్ బ్రేకులతో 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గు కారు వెలువడినది. అటుపిమ్మట కొన్ని దశాబ్దులపాటు బ్రేకు గొట్టములలో ప్రవహించినది ఏమనుకొన్నారు? ఆల్కహాలు కలిపిన ఆముదము! మన పాలమూరు చెలకలలో పండు ఆముదపు గింజకు అంతటి గౌరవము దక్కుటకు హేతువు, అది సహజమైన రబ్బరును చెరుపదు. ఇప్పటి ద్రవములలో హెచ్చుభాగము గ్లైకాలు జాతివి. వానికి తగిన రబ్బరునే నేటి కప్పులకు వాడుదురు. ఈ వివేకము లేక, డబ్బాలో ద్రవము తగ్గినదని ఇంజనాయిలు పోసిన మహానుభావులు పల్లెలలోనే కాదు, పట్నములలోను ఉన్నారు. ఖనిజతైలము తగిలిన కప్పు ఉబ్బి, సిలిండరులో ఇరుకుకొని, త్రొక్కిన బ్రేకు విడువక పట్టుకొనును. అప్పుడు ఒక వాషరు మార్చిన పోదు. మాస్టరు సిలిండరు మొదలు రబ్బరన్నదెల్ల మార్చి, గొట్టములు కడుగవలెను.

ద్రవములోను తరగతులున్నవి. డాట్ 3 అను రకము కొత్తదిగా నున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదు. నీరు పీల్చిన పిమ్మట ఆ హద్దు 140కి దిగును. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. గ్లైకాలు గాలిలోని తేమను తనంత తానే పీల్చుకొను స్వభావము గలది గనుక, మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో మూతతీసి మరచిన డబ్బాను అమృతమువలె దాచుకొనుట దండుగ. తిరుమలలో 1944లో వేసిన పాత ఘాట్‌రోడ్డే నేడు కొండ దిగుటకు దారి. ఆ మలుపులలో పాదము బ్రేకుపై నుంచి తీయక దిగువాని చక్రములకడ నీరు పట్టిన ద్రవము మరిగి ఆవిరియైనచో, ఆవిరి నలుగును గాని ఒత్తిడిని మోయదు, పెడలు నేలను తాకును. డాట్ 5 అనునది సిలికాను జాతిది. అంకె పెద్దదని దానిని తెచ్చి గ్లైకాలుతో కలుపరాదు.

ఇక లైనింగు కథ రసవంతమైనది. ఆంగ్లదేశమున డెర్బీషైరు కొండదారులలో బండివాండ్రు పల్లమున చక్రములు నిలువక, బ్రేకు దిమ్మలకు పాత జోళ్ల తోలును కొట్టుట చూచి, హెర్బర్టు ఫ్రూడ్ అను నాతడు 1897లో బ్రేకు లైనింగుల తయారీకి పూనెనని చెప్పుకొందురు. ఫెరోడో కంపెనీ ఆయన పెట్టినదే. పిమ్మట వేడికి ఓర్చునని రాతినారను ఈ పనికి వాడసాగిరి. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతకమైన వ్యాధులు తెచ్చునని తేలిన పిదప పెక్కు దేశములు దానిని నిషేధించినవి. పాత బండి డ్రమ్ము విప్పి గాలిగొట్టముతో ఉఫ్ఫని ఊదు కుఱ్ఱవానిని చూచినపుడు నాకు కోపము వచ్చును. తడిగుడ్డతో తుడిచిన ఏమి పోవును?

మంచి లైనింగుల అంచున తరచుగా రెండక్షరములు అచ్చువేసి యుండును. పెద్దాయన బొటనవ్రేలితో తుడిచి చూచినది ఆ అక్షరములనే. మొదటిది చల్లగానున్నప్పటి ఘర్షణను, రెండవది వేడెక్కినప్పటి ఘర్షణను చెప్పును. ఎఫ్ అను అక్షరమనగా ఘర్షణ గుణకము 0.35 మొదలు 0.45 వరకు, ఈ అను అక్షరమనగా అంతకు దిగువ. ఎఫ్ తీసి ఈ వేసినచో పాదము గట్టిగా త్రొక్కవలసి వచ్చును. ఐరోపా నిబంధనలలో బదులుగా వేయు లైనింగు అసలుదానికంటె 15 శాతమునకు మించి భేదింపరాదని యున్నది; ఎక్కువగా పట్టునదే మేలైనదను భ్రమకు అది మంచి జవాబు.

అసలు, నకిలీ అను తగవునకు వచ్చినచో, మోటారు కంపెనీలలో పెక్కు తమ బ్రేకులను తాము చేసుకొనవని చాలమందికి తెలియదు. మద్రాసు పాడిలో 1962లో వెలసిన బ్రేక్స్ ఇండియా వంటి కర్మాగారములు చేసి ఇచ్చును. ఒకే కర్మాగారపు సరకు మోటారు కంపెనీ పెట్టెలో ఒక ధరకును, తన సొంత పెట్టెలో మరియొక ధరకును దొరకుట కలదు. రెండవదానిని "లోకల్" అని ఈసడించుట అవివేకము. పెట్టె మాత్రము అచ్చుగ్రుద్దినట్లు చేసి లోపల రంపపు పొట్టువంటి లైనింగు అతికించినది వేరు. దానికి బిల్లు అడుగుడు, అమ్మువాని ముఖము చూడుడు, తెలిసిపోవును. ధర ఒక్కటే చూచి మేలు కీడు నిర్ణయించువారు ఇరువైపుల మోసపోవుదురు.

పెద్దాయనకు మరియొక మొండితనము కలదు: ఒక్క చక్రమునకు మాత్రము షూలు అమ్మడు. "ఇరుసుకు రెండువైపులా వేయకపోతే నా దగ్గర కొనవద్దు" అని మొగముమీదనే చెప్పును. బేరము పోయినను ఆయన చలించుట నేను చూడలేదు. డ్రమ్మును టర్నింగు పట్టించుటకు ముందు, దానిపై చెక్కియున్న గరిష్ఠ వ్యాసమును, డిస్కుపైనున్న కనీసపు మందమును చదువుమని చెప్పుటయు ఆయన వాడుక. హద్దు దాటిన డ్రమ్ములో ఎంత మంచి లైనింగు వేసినను వృథా.

చదువరులకు చెప్పదగినది కొంచెమే. బండిని గ్యారేజికి ఇచ్చునపుడే, విప్పిన పాత భాగములు పారవేయవద్దనియు, కొత్తవాని పెట్టెలతో సహా తమకు చూపవలెననియు చెప్పుడు. ప్యాడుపై మూడు మిల్లీమీటర్ల మందము మిగులకముందే మార్పించుడు. కొత్త లైనింగు డ్రమ్ముతో ఒరసి కుదురుకొనువరకు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపుడు, ఘాటు దారి పెట్టుకొనకుడు. సరిపడిన భాగముపై నున్న నంబరును వ్రాసి, బండి ఆర్‌సీ కాగితముతో కలిపి ఉంచుడు.