తోలుబొమ్మ కీళ్ళలో యానిమేషన్ పాఠం

యానిమేషన్ చదువులో క్యారెక్టర్ డిజైన్‌కు ఒక పరీక్ష ఉంది. గీసిన బొమ్మనంతా నల్లరంగుతో నింపేయాలి. కన్నూముక్కూ, చీర అంచూ, చొక్కా గుండీలూ అన్నీ పోయాక మిగిలిన ఆకారాన్ని చూసి అది ఎవరో చెప్పగలగాలి. చెప్పలేకపోతే బొమ్మ మళ్ళీ గీయాల్సిందే. చింతలపూడి నుంచి వెళ్ళి ఈ చదువు చదువుతున్న నాకు, ఈ పరీక్షలో మన తోలుబొమ్మలు ఎప్పుడో నెగ్గాయని అర్థమైనకొద్దీ పాఠాలన్నీ కొత్తగా కనిపించాయి.

తోలుబొమ్మలాటకు వచ్చిన జనం నేలమీద చాలా దూరం దాకా కూర్చుంటారు. చివరి వరసలో కునికిపాట్లు పడుతున్న తాత కళ్ళు తెరిచేసరికి, తెరమీద ఉన్నది ఎవరో ఆయనకు క్షణంలో తెలియాలి. అందుకే రావణుడికి వరస తలలు, హనుమంతుడికి పైకెత్తిన తోక. నవ్వించే పాత్రల్లో జుట్టుపోలిగాడిని జుట్టే పట్టిస్తుంది. కేతిగాడు, బంగారక్క తెరమీదికి రాగానే, వాళ్ళు నోరు విప్పకముందే జనం నవ్వు మొదలవుతుంది. హనుమంతుడి లాంటి ముఖ్య పాత్రకు ఒక్క బొమ్మ సరిపోదు. సందర్భాన్ని బట్టి వేరువేరు బొమ్మలుంటాయి. మేము కంప్యూటర్‌లో ఒకే పాత్రకు రకరకాల భంగిమలు గీసి పెట్టుకునే పని ఇదే.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఎండబెడితే వెలుతురు దూరేంత పలచగా తయారవుతుంది. దానిమీద రూపురేఖలు గీసి, ఉలులతో చిన్నచిన్న రంధ్రాలు కొడతారు. హారం, వడ్డాణం, కిరీటం ఉన్నచోట ఆ రంధ్రాల్లోంచి దీపం వెలుగు సూటిగా వచ్చి నగలు మెరుస్తాయి. రంగులు రెండు వైపులా వేస్తారు కాబట్టి తెరమీద పడే నీడకూ రంగుంటుంది. ఒడిశాలోని రావణఛాయ బొమ్మలకు రంగులూ ఉండవు, కీళ్ళూ ఉండవు. వాటి అందం వేరు. మన బొమ్మలు నాలుగడుగులు, కొన్ని ఇంకా పైనే ఉంటాయి. అంత పెద్ద బొమ్మ కదలాలంటే కీళ్ళు కావాల్సిందే.

నా దృష్టిలో ఈ కళలో అసలు విద్య ఆ కీళ్ళలోనే ఉంది. భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు విడివిడి ముక్కలుగా కోసి దారం ముడితో కలుపుతారు. నాట్యకత్తె బొమ్మకు కీళ్ళు ఇంకా ఎక్కువ. బొమ్మ నడిమధ్య నిలువునా ఒక బద్ద, చేతులకు చెరో పుల్ల. ఒక చేత్తో నడిమి బద్ద పట్టుకుని, రెండో చేత్తో ఆ రెండు పుల్లలనూ ఆడిస్తారు. కాళ్ళకు పుల్లలుండవు, ఊరికే వేలాడతాయి. బొమ్మ టక్కున ఆగినా కాళ్ళు ఇంకో ఊపు ఊగి ఆగుతాయి. డిస్నీ చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో వచ్చిన తమ పుస్తకంలో యానిమేషన్‌కు 12 సూత్రాలు చెప్పారు. శరీరం ఆగాక అవయవాలు కాస్త ఆలస్యంగా ఆగడం అందులో ఒకటి. తెరమీద దాన్ని సాధించడానికి మేము ఫ్రేము తర్వాత ఫ్రేము సరిచేస్తూ కూర్చుంటాం. తోలుబొమ్మలో ఆ పని బరువే చేసిపెడుతుంది. దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్నది బొమ్మ కోసేటప్పుడే నిర్ణయమైపోతుంది. కంప్యూటర్‌లో మేము రిగ్గింగ్ అనేది అచ్చంగా ఈ నిర్ణయమే.

బొమ్మను తెరకు ఆనిస్తే నీడ పదునుగా ఉంటుంది. దీపం వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. కెమెరా లేని రోజుల్లో దగ్గరా దూరమూ చూపించిన తీరు అది. యుద్ధం వస్తే కాలికింద చెక్కలు టకటకమంటాయి. ఆడించేవాళ్ళే పాడతారు, మాట్లాడతారు. పాటకు ఆధారం ఎక్కువగా రంగనాథ రామాయణమే. జర్మనీలో లొట్టే రైనిగర్ నల్ల అట్టను కత్తిరించి, కీళ్ళు బిగించి, కింద నుంచి వెలుతురు వేసి ఒక్కో ఫ్రేమే తీస్తూ 1926లో 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' చిత్రం పూర్తిచేసింది. ఇప్పుడు మనకు దొరుకుతున్న పూర్తినిడివి యానిమేషన్ చిత్రాల్లో అదే అన్నిటికంటే పాతది. దాన్ని మాకు పాఠంగా చెబుతారు, చెప్పాల్సిందే. మాధవపట్నం, నిమ్మలకుంట పేర్లు కూడా అదే పాఠంలో ఉండాలి.

కాకినాడ దగ్గరి మాధవపట్నంలోనూ, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలోనూ తరతరాలుగా బొమ్మలాడించిన కుటుంబాలున్నాయి. వీళ్ళలో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, తెరవెనక తెలుగు పద్యం పాడతారు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. అయితే ఆటలు తగ్గిపోయి, తోలుతో దీపాల గూళ్ళు, గోడ అలంకరణలు చేసి అమ్ముకోవడం పెరిగింది. పొట్ట గడవడానికి అది మంచిదే, తప్పు పట్టలేం. కాని దీపపు గూడుకు కీళ్ళు అక్కర్లేదు. కొనేవాళ్ళంతా గూళ్ళే అడిగితే ఇంటి పిల్లలకు తోలుపని వస్తుంది, ఆడించే చెయ్యి రాదు.

మా వైపు కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలూ ఇలాంటి పాఠమే చెబుతాయి. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల ముద్దతో అతికిస్తారు. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడిని నడుము వంపును బట్టే పోల్చుకోవచ్చు. నూజివీడు రసాలు కోతకొచ్చే రోజుల్లో మా మామిడి తోటల్లోనూ ఇలాంటి పాత్రలు దొరుకుతాయి. చివర వల కట్టిన దోటి ఎత్తి, మెడ వెనక్కి వాల్చి కాయ దింపే మనిషి, గంప నెత్తిన పెట్టుకుని ఒక చేత్తో పట్టుకున్న ఆడమనిషి, కర్ర ఆనించి నిలబడ్డ తోట కాపలాదారు. ముగ్గురినీ నల్లగా నింపినా ఎవరెవరో తెలిసిపోతుంది. జపాన్ బొమ్మల కళ్ళు కాపీ చేసే ముందు మనం చూడాల్సింది వీళ్ళను.

యానిమేషన్ నేర్చుకుంటున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు, అట్టముక్క కోసి దారంతో కీళ్ళు కట్టండి. పాత పంచె వెనక బల్బు పెట్టి ఆడించి చూడండి. ఏ కీలు వదులుగా ఉండాలో మీ చేతికే తెలుస్తుంది. కళాశాలల వాళ్ళకు నా విన్నపం: తోలుబొమ్మ కళాకారులను వార్షికోత్సవానికి పిలిచి శాలువా కప్పి పంపకండి. గురువులుగా పిలవండి, గురువులకిచ్చే జీతమే ఇవ్వండి.